నాన్న నిలబడిన పలక

ముక్త్యాల రేవు దగ్గర నాన్న నడిపే తెరచాప పడవ కృష్ణ వరదలో బోల్తా పడింది. వరద తీశాక దిగువన ఇసుకలో పడవ దొరికింది. నాన్న దొరకలేదు. పడవను ఈడ్చుకొచ్చి మా ఊరి గట్టున పెట్టారు. ఇది యాభైల నాటి మాట. నేనప్పుడు నందిగామలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను.

అప్పటి నుంచి అమ్మకు ఆ పడవే సమాధి. సమాధుల పండుగకు ఊళ్లోని క్రైస్తవులంతా సమాధుల తోటకు వెళ్లి, తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించుకునేవారు. అమ్మ ఒక్కతే ఏటి వైపు నడిచేది. పడవ అంచున కొవ్వొత్తి పెడితే గాలికి నిలిచేది కాదు. మళ్లీ వెలిగించేది, మళ్లీ ఆరేది. పక్కన నిలబడి చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీద కోపమో నాకే తెలిసేది కాదు.

మామూలు రోజుల్లోనూ పొద్దు వాలేసరికి అక్కడికే వెళ్లేది. చుక్కాని దగ్గర నాన్న నిలబడే పొడవాటి పలక ఒకటుంది. ఆయన మడమల కింద అరిగి అరిగి నున్నబడింది. అది కిర్రుమంటుందని అమ్మ అనేది.

"మీ నాన్న కాలు మార్చుకుంటన్నాడే."

ఎండకు చెక్క విచ్చుకుంటుందమ్మా అని చెప్పేదాన్ని. చదువుకున్నదాన్ని కదా. ఒక సాయంత్రం ఆమెను పిలవడానికి వెళ్లి నేనూ విన్నాను. ఒక కిర్రు, కాస్త ఆగి ఇంకొకటి. మనిషి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారినట్టే ఉంది. భయమేసి అమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చేశాను.

అరవైల్లో సరుకంతా లారీలెక్కింది. పాత పడవలు ఒక్కొక్కటే వంటచెరకైపోయాయి. ఈ ఒక్కదాన్నైనా నిలబెట్టుకుందామని ఊరి పడవవాళ్లు, మా చర్చి కుర్రాళ్లు, జగ్గయ్యపేట స్కూల్లో నాతో పనిచేసే టీచర్లు కలిశారు. కూలీ నాలీ ఏమీ లేదు. ఆదివారం పూజ కాగానే వచ్చి పుచ్చిన చెక్క తీసేసి కొత్తది బిగించేవారు. సందుల్లో కొబ్బరి పీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసేవారు. నేనూ కూర్చుని పీచు పేనాను. అమ్మ అందరికీ టీ కాచి పోసేది. ఒక్క షరతు మాత్రం పెట్టింది, ఆ పలక జోలికి రాకూడదని.

తీరా చూస్తే అదే అడుగు వైపు పుచ్చి ఉంది.

"దీన్నుంచితే మళ్లీ మనుషులు పోతారమ్మా," అన్నాడు పని చూస్తున్న ముసలి వడ్రంగి.

అందరూ అమ్మ వైపు చూశారు. పలక తీయకపోతే పడవ ఏట్లోకి దిగదు. తీస్తే అమ్మకు నాన్న మిగలడు. ఆమె పలక మీద నాన్న మడమలు అరగదీసిన చోటును అరచేత్తో తడిమింది.

"ఊడదీయండి," అంది చివరికి. "పొయ్యిలోకి మాత్రం పోనివ్వను. సమాధుల తోటలో పెట్టిస్తా."

మేకులు లాగుతుంటే పలక కిర్రుమంది. సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

చర్చికెళ్లి అడిగితే ఫాదరుగారు ఇబ్బంది పడ్డారు. "చెక్కకి సమాధేంటమ్మా? మనిషుండాలి గదా."

"మనిషినిమ్మనే ఇన్నేళ్లుగా దేవుణ్ణడుగుతన్నానండి. ఇదిచ్చాడు."

ఆయన లోపలికెళ్లి ప్రార్థన పుస్తకం తెచ్చుకున్నారు.

పడవ పని ఆపి కుర్రాళ్లే గొయ్యి తవ్వారు. పలకను కొలవాలని ఎవరికీ తోచలేదు, మనిషికి తవ్వినట్టే తవ్వేశారు. తెల్లగుడ్డ చుట్టి దించబోతే ఒక కొస పైనే ఆగిపోయింది. వడ్రంగి సంచిలోంచి రంపం తీశాడు.

"రవ్వంత కోస్తే సరిపోద్దమ్మా."

అమ్మ వంగి రంపం మీద చెయ్యి వేసింది.

"మా ఆయన పొడుగు మనిషండి. గొయ్యి పెంచండి."