నల్లబల్ల మీద మామగారి పేరు

మా జిపార్ వదిన పాఠం చెబుతుంటే వినాలి. నారిన్ ఏటి ఒడ్డున మా ఊళ్లో కొత్త అక్షరాలు నేర్చుకుని వచ్చింది ఆవిడొక్కతే. మా నాన్న చిన్నప్పుడు ముల్లా దగ్గర అరబ్బీ అక్షరాలు దిద్దాడు. తర్వాత లాటిన్ అన్నారు, అవీ దిద్దాడు. ఇప్పుడు రష్యా అక్షరాలకు మా పలుకుల కోసం మూడు కలిపి, మళ్లీ దిద్దమన్నారు.

"ఒక్క జన్మలో మూడుసార్లు నన్ను వేలిముద్రగాణ్ణి చేశారు కదే" అని నవ్వుతూనే కోడలి బడిలో ముందు వరసలో కూర్చునేవాడు.

అమ్మ వెనక గోడకు ఆనుకుని ఉన్ని వడికేది. "నాకెందుకే అక్షరాలు, పొయ్యిలో పెట్టుకోనా?" అనేది. కోడలి మీద కాపలాకే వస్తోందనుకున్నాం. మాలో కోడలు మామగారి పేరు నోట పలకదు. నాన్న పేరులో తోడేలు అనే మాట ఉంది కాబట్టి వదిన తోడేలును కూడా "ఊళవేసేది" అనేది. ఒకసారి తోడేలు మంద మీద పడ్డప్పుడు కంగారులో నోరు జారింది. అమ్మ చాలా రోజులు ఆమె చేతి టీ ముట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

చలికాలం చివర ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బడి ఉంచాలో మూయాలో తేల్చడానికట.

"పెద్దాయనా, నీకు తోచిన మాట రాయి" అన్నాడు.

నాన్న ఉత్సాహం పట్టలేక నల్లబల్ల మీద తన పేరే రాసేశాడు. వెనక్కి తిరిగి వదిన మొహం చూశాకగాని ఏం చేశాడో తెలియలేదు. చెరపబోతే ఇన్‌స్పెక్టరు అడ్డుకున్నాడు.

"చదువమ్మా."

వదిన తల దించుకుంది. చెంపల మీద నీళ్లు.

"నేనూ మీవాణ్నే, ఎందుకు చదవవో తెలుసు. పోనీ, నీ దగ్గర మొదటిసారి దిద్దిన ఆడవాళ్లలో ఒక్కరితో చదివించు. లేకపోతే బడికి తాళం వేయిస్తా."

ఉన్న ఆడవాళ్లంతా మా వంశం కోడళ్లే. అందరూ నేల చూపులు చూశారు. నేను నోరు తెరవబోతే, "నువ్వు పెద్దబడి పిల్లవి, లెక్కలోకి రావు" అన్నాడు. వాణ్ని కొట్టాలనిపించింది.

అప్పుడు వెనక నుంచి వినపడింది.

"బోరుబాయ్."

అమ్మ. కదురు పక్కన పెట్టి నిలబడింది. మొగుడి పేరు పెళ్లయిన నాటి నుంచి పలికి ఎరగని మనిషి. వడుకుతూ వడుకుతూ అక్షరాలన్నీ నేర్చేసుకుందని ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

"చదివాను. నేర్పింది ఈ పిల్లే" అంది అమ్మ ఇన్‌స్పెక్టరుతో. "ఇంక తాళం సంగతి ఎత్తకు."

అతను సంచీ సర్దుకున్నాడు. నాన్న మాత్రం బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

"ఏమే, ఇంకోసారి అనవూ?"

"ఇన్నేళ్లు ఆగావు. ఇంటికెళ్లేదాకా ఆగలేవా?" అంది అమ్మ.