కూడలి అనే ఊరు లేదు

నా బావమరిదికి వచ్చిన జవాబును నేను మొదట విన్నది పెనుకొండ బస్టాండు పక్కనున్న టీ అంగడిలో. వాడు సెల్‌ఫోను బల్ల మీద పెట్టి, శబ్దం పెంచి, చుట్టూ ఉన్నవాళ్లకు వినిపిస్తున్నాడు.

"సరే అన్నా, డిపోవాళ్లతో మాట్లాడినా. సోమవారం నుంచి మీ క్రాసులో బస్సు నిలబడతాది."

ఆ గొంతు మా ప్రజాప్రతినిధిదే. ఎన్నికల మీటింగుల్లో వినీ వినీ నాకు అలవాటైన గొంతు. నేను టీ గ్లాసు పట్టుకుని గోడ వైపు తిరిగాను. ఎందుకంటే ఆ బస్సు కోసం మొదట అడిగింది నేను. నెలల తరబడి జవాబు కోసం ఎదురుచూసింది నేను.

ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే బస్సు మా ఊరి క్రాసు దగ్గర ఎప్పుడూ నిలబడేది. పోయిన ఏడాది ఉన్నట్టుండి నిలపడం మానేశారు. నా భార్యకు షుగరు కళ్లకు దిగింది. హిందూపురం ఆసుపత్రిలో నెలనెలా కంటికి సూది వేయించాలి. సూది తప్పితే ఉన్న చూపు కూడా నిలవదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బస్సు లేకపోతే షేర్ ఆటోలో ఇరుక్కుని పెనుకొండ దాకా పోవాలి, అక్కడ ఇంకో బస్సు పట్టాలి. వచ్చేటప్పుడు కంటికి కట్టుతో, దుమ్ములో, మళ్లీ అదే తిప్పలు. ఒక నెల ఆమె "నాతో కాదు, ఈసారికి వదిలెయ్" అని మంచం దిగలేదు. ఆ తరువాత వెళ్లినప్పుడు డాక్టరమ్మ తిట్టిన తిట్లు నేనే పడ్డాను.

అందుకని ఉత్తరం రాశాను. ఉత్తరాలు రాయడం నాకు కొత్త కాదు. బడిలో నేను చదివింది ఐదో తరగతి వరకే. మిగతా చదువంతా ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో పనిచేసే రోజుల్లో, మధ్యాహ్నం బేరాలు లేని వేళ గ్రంథాలయంలో కూర్చుని నాకు నేనుగా సంపాదించుకున్నది. మా దగ్గర గెలిచినవాళ్లందరికీ రాశాను. ఎవరు జవాబిచ్చారో, ఎవరు ఇవ్వలేదో నాకు బాగా గుర్తుంది. వెనకటి రోజుల్లో ఒకాయన పోస్టుకార్డు మీద సొంత చేతితో రాసి పంపాడు. మేం అడిగిన వీధిదీపం రాలేదు గానీ కార్డు మాత్రం వచ్చింది. ఆ తరువాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. ఆయన తరువాత వచ్చినవన్నీ అచ్చు వేసిన జవాబులే: "తమ వినతి పరిశీలనలో ఉన్నది." ఆ పరిశీలన ఏ గదిలో జరుగుతుందో, దాన్ని ఎవరు చేస్తారో నాకు ఇంతవరకూ తెలియదు.

ఈసారి మరింత శ్రద్ధగా రాశాను. "క్రాసు" అని రాయడానికి మనసొప్పలేదు. మంచి తెలుగు మాట ఉండగా ఇంగ్లీషు ముక్క ఎందుకు? "కూడలి వద్ద బస్సును నిలుపవలసినదిగా గ్రామ ప్రజల తరఫున కోరుచున్నాను" అని రాశాను. కొంతకాలానికి, ముద్ర వేసిన కవరులో జవాబొచ్చింది. "కూడలి అను గ్రామము మన నియోజకవర్గ పరిధిలో లేనందున తమ వినతిపై చర్య తీసుకొనుటకు వీలుపడదు."

ఒళ్లు మండి ఆ కార్యాలయానికి ఫోను చేశాను. ఎవరో కుర్రగొంతు పలికింది.

"కూడలి యాడుందప్పా పెద్దాయనా? ఊర్ల పేర్లన్నీ చూసినాము. కర్ణాటకలో ఉండాదంట. ఆడి ఎమ్మెల్యేనడుగు."

"కూడలంటే ఊరు కాదు నాయనా. దారులు కలిసే చోటు."

"అట్లయితే క్రాసనల్ల కదప్పా! మళ్లా రాసియ్యి."

ఇంట్లో చెబితే నా భార్య నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఊరుకోకుండా తమ్ముడికి చెప్పింది. వాడేమో ఉత్తరం లేదు, గిత్తరం లేదు, ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఆ ప్రజాప్రతినిధి ఫోనుకే మాట్లాడి పంపేశాడు. ఆ మాటలు కూడా టీ అంగడిలో అందరికీ వినిపించాడు.

"అన్నా, మా అక్కకు కండ్లు పోతాండాయి. హిందూపురానికి సూదికి పోవల్ల. మా క్రాసులో బస్సు నిలబెట్టమని చెప్పన్నా. నీకు పుణ్యముంటాది."

అంతే. నేను రెండు పుటలు రాశాను. అందులో నా భార్య కళ్ల ప్రస్తావనే లేదు. సొంత కష్టం చెప్పుకుని అడిగితే అది బతిమాలుకోవడం. ఊరి తరఫున అడిగితే అది హక్కు. ఇప్పటికీ నా మాట అదే.

"ఏం బావా, టీ చల్లారిపోతాంది. జవాబు విన్నావా?" అన్నాడు బావమరిది.

"విన్నాలే."

"నీకూ వచ్చిండాది కదా, కర్ణాటకకు పొమ్మని!"

అంగడంతా నవ్వింది. "గమ్మునుండబ్బా. నేను రాసింది తెలుగు. వాళ్లకు తెలియకపోతే తప్పు నాదా?" అన్నాను.

"నీ తెలుగు బస్సెక్కదు బావా."

సోమవారం బస్సు నిలబడింది. నా భార్యకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరివాళ్లు వాడి చేయి పట్టుకుని మెచ్చుకుంటుంటే నేను గబగబా బస్సెక్కి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమెకు మేలు జరిగింది, నాకు తెలుసు. అయినా అది వాడి నోటి మాటతో కాకుండా నా చేతిరాతతో జరిగి ఉంటే ఆ రోజు నాకు అన్నం సహించేది.

వానలు మొదలయ్యాక డ్రైవరు మారాడు. బస్సు మళ్లీ క్రాసు దాటి పోవడం మొదలుపెట్టింది. నేను కాగితం తీశాను.

"నువ్వు రాసి, వాళ్లు చదివి, ఎప్పటికి? సూది ఎల్లుండే," అంది నా భార్య. "మా తమ్ముని దగ్గరికి పో."

పోయాను. వాడు జలుబు చేసి, మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. గొంతు పూర్తిగా పోయింది. సంగతి విని, ఫోను నా చేతిలో పెట్టి, నువ్వే మాట్లాడు అని సైగ చేశాడు.

"మహోదయా, మా గ్రామ ప్రజల..." అని మొదలుపెట్టాను. వాడు ఫోను లాక్కుని అది తుడిపేసి మళ్లీ ఇచ్చాడు. నా కొడుకు వయసున్న మనిషిని అన్నా అనడానికి నోరు రాలేదు.

"ఏమప్పా, మళ్లా క్రాసులో బస్సు నిలపడం లేదు. ఎల్లుండి కంటి సూది ఉండాది. రవ్వంత చెప్పు."

సాయంత్రానికే జవాబొచ్చింది. బావమరిది ఫోను తెచ్చి, మా ఇంటి అరుగు మీద వినిపించాడు.

"ఏమన్నా, గొంతు మారిపోయింది, జలుబా? ఇప్పుడే డిపోకు చెప్పినా. అక్కను జాగ్రత్తగా తీసుకుపో."

వాడు నవ్వబోయి దగ్గాడు. "మాట్లాడింది నేనని చెప్పబ్బా ఆయనకు," అన్నాను. వాడు గొంతు చూపించి, మాట రాదని చేయి ఊపాడు.

అనుకున్న రోజుకు బస్సు నిలబడింది. సూది పడింది. చూపు నిలిచిందని డాక్టరమ్మ చెప్పింది. తిరిగి వస్తూ బస్సులో నా భార్య, కట్టు కట్టిన కన్ను కిటికీ వైపు తిప్పుకుని, "మా తమ్ముడుండబట్టి సరిపాయ," అంది.

"అడిగింది నేను కదే."

"నువ్వే అడిగినావులే. ఆయప్ప వాడనుకున్నాడు, అంతే కదా. బస్సయితే నిలబడింది."

ఆమెకు చూపు దక్కింది, అది చాలు. కానీ ఇన్నేళ్లలో ఒక ప్రజాప్రతినిధి నా మాటకు సొంత గొంతుతో ఇచ్చిన జవాబు అదొక్కటే. అది వాడి ఫోనులో, వాడి పేరు కింద ఉంది. నా ఫోనుకు పంపమని ఎన్నిసార్లు అడిగినా, రేపు పంపుతాలే బావా అంటాడు.