మా ఆయన ప్రాక్టీసు

ఏలూరు డాక్టరుగారు మా అత్తగారిని చూసి, "ఇక చేసేదేం లేదండి, ఇంటి దగ్గరే ఉంచి చూసుకోండి" అని పంపేసిన మర్నాటి నుంచి మా ఆయన గుండె దిటవు చేసుకునే పనిలో పడ్డారు. అమ్మ పోతే తట్టుకోలేనేమోనని ఆయన భయం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు నడుపుకునే మనిషి, ఫోన్లో ఎవరో చెప్పారని తెల్లవారుజామున చన్నీళ్ళు, చాప మీద పడక, చప్పిడి కూడు మొదలుపెట్టారు. కష్టానికి ఒళ్ళు అలవాటు పడితే మనసూ అలవాటు పడుతుందట.

నాకు ఒళ్ళు మండిపోయేది. పక్క గదిలో ఆవిడ "అమ్మాయ్, అబ్బాయి ఏడే?" అని కలవరిస్తుంటే, ఈయన గుమ్మంలోనే నిలబడి "మందేసుకున్నావా అమ్మా?" అని అడిగి, జవాబు వినకుండా కొట్టుకి వెళ్ళిపోయేవారు. ఆవిడకి కావలసింది మందు కాదు, కొడుకు. ఆ మాటే అంటే, "నేనింకా సిద్ధం కాలేదే" అనేవారు. ఈయన సిద్ధమయ్యేదాకా ఆవిడ ఊపిరి పట్టుకుని ఉండాలి కాబోలు.

చివరికి, ఎర్రటి ఎండలో చెప్పుల్లేకుండా ద్వారకా తిరుమల నడిచి వెళ్తానన్నారు.

"ఏవండీ, మొక్కుకున్నారా?" అన్నాను.

"మొక్కు కాదు, ప్రాక్టీసు" అన్నారు.

దేవుడితో పని లేకుండా కొండకి బయల్దేరిన మనిషిని ఈయన్నే చూశాను. ఆ కొండా ఎక్కలేదు. భీమడోలు దాటకుండానే ఆటోలో తిరిగొచ్చారు. అరికాళ్ళ నిండా బొబ్బలు. ఇంట్లో ఒక రోగి చాలనట్టు రెండో రోగి.

రెండు గదుల మధ్య తిరగడం నా వల్ల కాదని, ఆయన మంచం తీసుకెళ్ళి వాళ్ళమ్మ మంచం పక్కనే వేయించాను. జావ గిన్నె చేతికిచ్చి, "చేతులు బాగానే ఉన్నాయిగా, మీరే పట్టండి" అన్నాను.

మొదటి చెంచాకే ఆవిడ మింగలేకపోయారు. జావ గడ్డం మీదికి కారింది. అది చూసి ఈయన భోరుమన్నారు. "నా వల్ల కాదే, నువ్వు పట్టు" అని గిన్నె నా వైపు చాచారు. నేను అందుకోలేదు.

అత్తగారు కొడుకు మొహంలోకి చూసి, "ఏడిస్తే ఏడిచావు గానీ, పట్టు నాన్నా. ఆకలేస్తోంది" అన్నారు.

ఆయన ముక్కు తుడుచుకుని, వెక్కుతూనే గిన్నెడు జావా పట్టారు.

సాయంత్రం మళ్ళీ జావ కాచి తెచ్చాను. నేనేమీ అనకముందే ఆయన చెయ్యి చాచారు. కళ్ళల్లో నీళ్ళు అప్పటికే తిరుగుతున్నాయి.