రద్దయిన టెండరు

అద్దంకి దగ్గర మా ఊరి వాగు మీద వంతెనకు టెండరు పిలిచింది ఇంజనీరు యలమందయ్య గారే. ఇసుక రవాణా ఖర్చు రేటులోనే కలిసిందో, విడిగా ఇస్తారో అందులో రాయడం మరిచారు. ఒక కాంట్రాక్టరు కలిపి, ఇంకొకరు విడదీసి రేట్లు వేశారు. పోల్చే దారిలేక ఆయన టెండరు రద్దు చేసి మళ్లీ పిలిచారు. రూలు ప్రకారం అదే సరి. ఎవడూ వేలెత్తి చూపలేదు.

ఈలోగా వానలొచ్చాయి. మిరపచేలో కలుపు తీసి తిరిగొస్తున్న కూలిపిల్ల శివపార్వతి వాగు దాటుతూ కొట్టుకుపోయింది.

మరుసటేడు వంతెన లేచింది. రిటైరై మా ఊళ్లోనే ఉంటున్న ఆయన మాత్రం రోజూ చెప్పులు చేత్తో పట్టుకుని వాగులోకే దిగుతారు.

"వంతెనుందిగా, ఇదేం చాదస్తమండీ?" అని ఒకరోజు కసిరాను.

ఆయన నీళ్ల మధ్యలో ఆగి వెనక్కి చూశారు.

"ఆ పిల్ల ఇంకా దాటలేదయ్యా."