అక్క పక్క మునుం

నా చిన్నప్పుడు నాకు చేతులకన్నా నోరే వేగం. ఆరో తరగతిలో బడి నన్ను వదిలించుకున్నాక, గౌడవెల్లిలో మా మేనత్త నన్ను తన నాట్ల ముఠాలో కలుపుకుంది. పన్నెండు మంది ఆడవాళ్లకు ఆమే పెద్ద.

నాట్లలో ఎవరి మునుం వాళ్లది. తన వాటా పట్టీలో నారు నాటుకుంటూ వెనక్కి నడవాలి. ఆలస్యమైన మనిషి వెనకాల నాటని బురద మిగిలిపోయి అందరికీ కనిపిస్తుంది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన పక్కింటి అక్కకు కుడిచేతికి రెండు వేళ్లు లేవు. సూరారంలో ఏదో కంపెనీ మిషన్‌లో పోయాయి. ఇద్దరు పిల్లలకు ఆమె కూలే ఆధారం. నేను రెండు వేళ్లు ముడుచుకుని ఆమెలా నాటి చూపించాను. అందరూ నవ్వారు. అక్కా నవ్వింది. మధ్యాహ్నం మాత్రం అటు తిరిగి ఒక్కతే తిన్నది.

పొలం పటేలు వచ్చి, వెనకబడ్డ అక్క మునుం చూశాడు. "గీమెతోని కాదు. రేపటికెల్లి తోల్కరాకు."

"పొద్దుగూకేసరికి మడి నిండకుంటె మమ్ముల గూడ పిలువకు పటేలా," అంది అత్త.

గట్టు పక్కన గట్టి నేల ఎప్పుడూ ముఠా పెద్దదానిదే. అత్త అది వదిలి, లోతు బురదలోకి దిగి అక్క ఎడమ పక్కన నిలబడింది. నన్ను జడ పట్టి కుడి పక్కకు లాగింది.

"నోరు మస్తు నడుస్తది గదనే. జర చేతులు గూడ నడువనియ్యి."

వరుసకు రెండు మొక్కలు అక్క మునుంలో అత్త నాటింది. ఇటునుంచి రెండు నేను నాటాను. మా మునాల్లో పడ్డ వెలితిని అటూ ఇటూ ఉన్నవాళ్లు, చెప్పకుండానే, పంచుకున్నారు.

"ఇగ జెప్పు నీ కతలు," అంది అత్త. పటేలు ధోవతి ఎత్తిపట్టుకుని గట్టు మీద నడిచే తీరు చెప్పాను. అందరికన్నా గట్టిగా అక్కే నవ్వింది.

పొద్దుగూకక ముందే మడి నిండింది. పటేలు గట్టంతా తిరిగి చూసి, రేపు పై మడికి రమ్మన్నాడు. అందరినీ.

రెండేళ్లకు అత్త నడుము పట్టేసింది. ముఠాను అక్క చేతిలో పెట్టింది. "ఎనుకవడుడు అంటె ఏందో దానికెరుక. ఎవ్వలనూ ఇడిచిపెట్టది."

ఇప్పుడు మేడ్చల్‌లో నా కర్రీ పాయింట్‌లో ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ఎవరైనా వెనకబడితే, ఎందుకని అడగబోతాను. అడిగేలోపే కత్తిపీట వేసుకుని ఆమె పక్కన కూర్చుని ఉంటాను. సగం ఉల్లిగడ్డలు తరిగేసరికి, ఏమైందో ఆమే చెబుతుంది.