అద్దాలక్క పెదవి మీద పొక్కు

అద్దాలక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో, అద్దాన్ని ఫ్రేముకు సరిపోయేలా అరగదీసి కూర్చోబెట్టే పని ఆమెది. వెంట్రుకవాసి గీత ఉన్నా దీపానికి ఎదురుగా పెట్టి పట్టేస్తుంది. "ఎవరికి కనపడుతుందమ్మా" అని యజమాని విసుక్కుంటే, "పెట్టుకున్నవాడికి కనపడుతుందండీ" అని వెనక్కి పంపేస్తుంది. అంతటి చూపున్న మనిషి తన పెదవి మూలన ఏడాదికి రెండుమూడుసార్లు లేచే పొక్కుల్ని మాత్రం లెక్కచేసేది కాదు. చిన్నప్పటి నుంచీ ఉన్నవే, వేడి చేసిందనుకుని వదిలేసేది.

ఆ ఏడాది ఆమె గర్భసంచిలో గడ్డ తీశారు. మూడు నెలలు భార్యాభర్తలు కలవకూడదని డాక్టరమ్మ చెప్పింది. కలవలేదు. పదకొండేళ్ళ కాపురంలో అంత బుద్ధిగా ఎప్పుడూ లేరు. కాకపోతే ఇద్దరూ రాళ్ళు కారు కదా. కలవకుండానే ఒకరినొకరు సంతోషపెట్టుకునే దారులు వెతుక్కున్నారు. అదేమీ లెక్కలోకి రాదనుకున్నారు. ఆ లెక్కే వాళ్ళ కొంప ముంచబోయింది.

రెండో నెలలో లిఫ్టు మెకానిక్కయిన ఆమె భర్తకు జ్వరం, మంట, చెప్పుకోలేని చోట నీటిపొక్కులు. ఆస్పత్రి చీటీ మీద హెర్పిస్ అని రాశారు. ఆపరేషనుకు సాయంగా వచ్చిన ఆమె తల్లి ఆ చీటీ పట్టుకెళ్ళి మందుల షాపతన్ని అడిగింది. సుఖవ్యాధి అన్నాడతను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. గడప దాటి లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

"ఈ రెండు నెలలూ మీ మధ్య ఏమీ లేదు కదే?"

"లేదమ్మా."

"మరి నిప్పు లేకుండా ఈ పొగెక్కడిది?"

అతను భార్యవైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. "నాకు తెలియదు అత్తయ్యా" అని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, రెండు వీధుల అవతల అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. కాపురం ఇక అయిపోయిందనే అనుకుంది అద్దాలక్క.

పది రోజులయ్యాక, తనకేం అంటించాడో తేల్చుకుందామని ఆమె కూడా ఆస్పత్రికి వెళ్ళింది. ఇంజెక్షన్ల గది పక్కన, తలుపుకు బదులు తెర వేలాడే చిన్న గదిలో ఒక పెద్ద వయసు సిస్టర్ కూర్చుని ఉంది. విషయమంతా విని, "ఏమీ జరగలేదంటున్నావు. ఏమీ అంటే ఏమిటి? చేతులా, నోరా, బట్టలు లేకుండా ఒంటికి ఒళ్ళు తగలడమా? చెప్పమ్మా. నాకు సిగ్గులేదు, నా దగ్గర నీకూ అక్కర్లేదు" అంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకునే రకం అద్దాలక్క. అయినా ఆవిడ అడిగిన తీరుకు నోరు పెగిలింది. చెప్పేసింది. సిస్టర్ ఆమె పెదవి వంక చూసింది.

"ఆ మచ్చ ఎప్పటిది?"

"మూడు వారాలవుతుందండీ. ఆపరేషనయ్యాక పొక్కులు లేచాయి."

"అదీ హెర్పిసేనమ్మా. చిన్నప్పుడు ఎవరో ముద్దుపెట్టుకుంటే వచ్చి ఉంటుంది. నోటి నుంచి కింది భాగానికి అంటుతుంది. లోపలికే పోనక్కర్లేదు, ఒళ్ళు ఒంటికి తగిలితే చాలు. పులిపిర్లూ అంతే, సిఫిలిసూ అంతే. హెచ్ఐవీ మాత్రం ఇలా రావడం చాలా అరుదు. అయినా రక్తం ఇచ్చి వెళ్ళు, మనసు కుదుటపడుతుంది."

"అయితే ఆయన ఎక్కడికీ వెళ్ళలేదా?"

"అది నేను చెప్పలేను. వెళ్ళాడని చెప్పడానికి మాత్రం నువ్వు చెప్పినదాంట్లో ఏమీ లేదు. ఇక పెదవి చురచురలాడిందంటే, పొక్కు పూర్తిగా మానేదాకా నోరు దూరం పెట్టు. పొక్కు లేనప్పుడూ ఒక్కోసారి అంటుతుంది. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ, మాత్రలున్నాయి. దీనివల్ల ఏ కాపురమూ కూలక్కర్లేదు."

అద్దాలక్కకు ప్రాణం లేచొచ్చింది. సిస్టర్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఎవరూ అడగని ప్రశ్న అడిగినందుకు ఆ తల్లి చల్లగా ఉండాలని మనసారా కోరుకుంది. అటునుంచి అటే ఆడపడుచు ఇంటికి పరుగెత్తింది.

అతను వరండాలో బోల్టులకు గ్రీజు రాస్తున్నాడు. ఆమె చెప్పినదంతా విని, "నాకు సోమవారమే తెలిసింది. మళ్ళీ చూపించుకుంటే డాక్టరు చెప్పాడు" అన్నాడు.

"మరి నాకు చెప్పలేదేం?"

"మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ మీ అమ్మే ఎత్తింది. ఆవిడకి ఏమని చెప్పమంటావు? నీ పరువు తియ్యనా?"

తన పరువు పోయినా ఫర్వాలేదనుకున్న మనిషి! ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. తర్వాత అతని సంచీ తనే ఎత్తుకుని ఇంటికి తీసుకొచ్చింది.

తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏ మొహం పెట్టుకుని తెచ్చావే?"

"అమ్మా, అది ఆయనకి అంటించింది నేను. నా పెదవి మీద పొక్కులు. నోటితో అంటుతుందట. మొగుడూపెళ్ళాలం, అంతకంటే విప్పి చెప్పను."

ఆవిడ చెయ్యెత్తి తన పెదవి తడుముకుంది. ఆవిడకూ అవే పొక్కులు, అదే మూలన. ఎంతోసేపు ఆ చెయ్యి కిందికి దించలేదు.

"మీ నాన్నకీ వచ్చింది, నువ్వు చంటిపిల్లప్పుడు" అంది చివరికి. "ఎక్కడికీ పోలేదని ఒట్టేశాడు. ఆయన కన్నుమూసేదాకా నేను నమ్మనే లేదు."

ఆవిడ పక్కకు జరిగి, అల్లుడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, అతని కుర్చీలో కూర్చోబెట్టింది.

"నన్ను ఒక్క మాటా అనలేదు నాయనా నువ్వు" అంది. "ఆయనా అనలేదు."