ఎడమ చివర మొదలయ్యే నవ్వు

నూజివీడులో నా ఫొటో స్టూడియో మూసేయడానికి నాలుగేళ్ల ముందు, ఏప్రిల్ నెలాఖరున ఒక శుక్రవారం ఉదయం, ఆర్డర్ పుస్తకంలో ఇలా రాసుకున్నాను: “ఎస్తేరు రాణి టీచర్, రెడ్డిగూడెం. పోర్ట్రెయిట్ ఒకటి, పన్నెండు బై పద్దెనిమిది సైజు. ఆదివారం లోపు తీయాలి.” ఆదివారం కింద రెండు గీతలు గీశాను. సోమవారం పొద్దున్నే ఆవిడ ఆపరేషన్ కోసం విజయవాడలో ఆస్పత్రిలో చేరబోతున్నారు.

టీచర్ గారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మా చుట్టుపక్కల ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు లేని ఇల్లు తక్కువ. నేను మైలవరంలో చదివాను కాబట్టి ఆ బెత్తం దెబ్బలు తప్పించుకున్నాను. ఆవిడకి ఎడమ చెవి ముందు నిమ్మకాయంత గడ్డ లేచింది. లాలాజలం ఊరే గ్రంథిలో వచ్చిన గడ్డ అది. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథిలోంచే వెళుతుందట. ప్రాణానికి భయం లేదు గానీ, నరానికి దెబ్బ తగిలితే మూతి ఎడమవైపు కదలకపోవచ్చనీ, మళ్ళీ ఎప్పుడు కదులుతుందో, అసలు కదులుతుందో లేదో చెప్పలేమనీ డాక్టర్లు అన్నారు. ఇదంతా నాకు చెప్పింది వెంట వచ్చిన చెల్లెలు మేరీ రత్నం గారు.

“అక్క నవ్వే ఫొటో మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదండీ. సోమవారం తర్వాత తీద్దామన్నా ఆ నవ్వు ఉంటదో ఉండదో,” అందావిడ. టీచర్ గారు ఒక చూపు చూసేసరికి నోరు మూసుకుంది.

అప్పటికి ముప్పై ఏళ్లకు పైగా ముఖాలు తీస్తున్నాను. నాకు కొన్ని సూత్రాలుండేవి, వాటిమీద కాస్త గర్వమూ ఉండేది. మొదటిది ‘మంచి వైపు’. ఏ మనిషి ముఖమైనా రెండు సగాలూ ఒకలా ఉండవు. ఒక కన్ను చిన్నది, ఒక దవడ బరువు. మంచి వైపును కెమెరాకు దగ్గరగా పెట్టి, రెండో దాన్ని నీడలోకి జరపడం మా వృత్తిలో మొదటి పాఠం. టీచర్ గారిని చూడగానే ఇక ఆలోచించడానికేమీ లేదనుకున్నాను. గడ్డ ఎడమవైపుంది కనుక ముఖాన్ని ఎడమకు తిప్పించి, కుడి చెంప మీద వెలుగు వేసి, గడ్డ పూర్తిగా మరుగయ్యేలా కూర్చోబెట్టాను.

పద్దెనిమిది ఫొటోలు తీశాను. నవ్వండి అంటే నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు, పెదాలు సాగదీస్తారు అంతే. ఆవిడ పెదాలు కూడా సాగదీయలేదు. జోకులు వేశాను. పిల్లల బొమ్మ ఊపాను. దానికి మాత్రం ఆవిడ నా వైపు జాలిగా చూశారు. చివరికి ఉన్నవాటిలో మెత్తగా ఉన్న ఒకదాన్ని ఎంచి, చర్మం నున్నగా చేసి కంప్యూటర్‌లో చూపించాను. మేరీ రత్నం గారు చాలాసేపు చూసి, ఫొటో బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని, “అక్కే లేదండీ ఇందులో,” అంది.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళిళ్ళ సీజన్లో పని పక్కన పెట్టి తీస్తే ఈ మాటా అనిపించింది. టీచర్ గారు మాత్రం లేచి, మళ్ళీ తీయాలి, ఆదివారం ప్రార్థన అయ్యాక మా చెల్లెలి మామిడితోటకి రండి అని, హోంవర్క్ ఇచ్చినట్టు చెప్పి వెళ్ళిపోయారు.

శనివారమంతా నాకు కుదురు లేదు. బ్యాటరీలు నిండినవే మళ్ళీ ఛార్జింగుకి పెట్టాను. పెళ్లి ఫొటో చెడితే కనీసం వీడియో ఉంటుంది. పిల్లాడు ఏడిస్తే మర్నాడు రమ్మంటాం. ఈ నవ్వుకి మర్నాడు లేదు. నాకు నిజంగా భయం వేసింది. పైగా ఆ సాయంత్రం మబ్బు పట్టింది. ఈదురుగాలికి కాయ రాలిపోతుందని రైతులు ఆకాశం చూసి దిగులుపడుతుంటే, నేను వెలుతురు పోతుందని చూస్తున్నాను.

ఆదివారం నాలుగు గంటలకు మేరీ రత్నం గారి తోట చేరేసరికి గాలి భయంతో కోత జోరుగా సాగుతోంది. తోటలో ఫొటో అంటే అందరికీ చెట్టు కిందే ఉండాలి. ఆవిడా అక్కని తీసుకెళ్లి నిండు చెట్టు కింద కుర్చీ వేసేసింది. మామిడి కింద ముఖాలు తీయకూడదని ఈ ప్రాంతపు ఫొటోగ్రాఫర్లందరం ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతిని నేర్చుకున్నవాళ్లమే. ఆకుల్లోంచి దిగిన వెలుగు చర్మానికి పచ్చరంగు పులుముతుంది, మనిషి జ్వరంతో లేచినట్టుంటాడు. ఒక ఫొటో తీసి చూపించాక ఆవిడ ఒప్పుకుంది.

కాయలు సర్దే షెడ్డులోకి మారాం. దానికి ఒక పక్క గోడ లేదు, అటునుంచి మెత్తటి వెలుతురు వస్తుంది. నేలంతా వరిగడ్డి పరిచి రసాల మామిడికాయలు పోశారు. ఆ గడ్డి మీద పడిన వెలుగు లేత బంగారు రంగులో పైకి లేచి, గడ్డం కింది నీడల్ని తేలిక చేస్తోంది. నా పెట్టెలో ఉన్న రిఫ్లెక్టర్ ఏదీ అంత బాగా పనిచేయదు. టీచర్ గారిని స్టూలు మీద కూర్చోబెట్టి, అలవాటు ప్రకారం కుడి చెంప పక్కకి వెళ్లి నిలబడ్డాను. మేరీ రత్నం గారు అక్కకి ఎడమ పక్క గడ్డిలో కూర్చుని కాయలు ఏరుతోంది.

పావుగంట గడిచింది. నవ్వు లేదు. వెలుతురు తగ్గుతోంది. అప్పుడు టీచర్ గారు అడిగారు:

“అంత దూరాన నిలబడ్డారేంటండీ? దగ్గరికొస్తే తీయలేరా?”

దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయని చెప్పాను. ఎందుకు అన్నారు. ముక్కుకీ చెవికీ మధ్య దూరం సుమారు అరడుగు అనుకోండి, నేను రెండడుగుల్లో ఉంటే ఆ అరడుగు నా దూరంలో నాలుగో వంతు, అందుకే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎనిమిది అడుగుల్లో ఉంటే కనిపించదు అన్నాను.

“ఎనిమిది అడుగుల్లో ఎన్నో వంతు?”

“ఎనిమిదో వంతండీ.”

ఆవిడ తప్పు అనలేదు. కనుబొమ్మ ఎత్తి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడానికి ఎన్ని వందల మంది పిల్లలు వణికి ఉంటారో నాకు అర్థమైంది.

“కాదండీ, పదహారో వంతు,” అన్నాను.

“అదిగో, నవ్వింది!” అని అరిచింది మేరీ రత్నం గారు. “మీరు ఆ పక్కనుంటే మీకెలా కనపడుద్దండీ? మా అక్క నవ్వు ఈ చివర మొదలవుద్ది, అటు చివరికి వచ్చేలోపే ఆగిపోద్ది!”

నా వైపున్న చెంపలో ఏమీ కదల్లేదు. శుక్రవారం పద్దెనిమిది సార్లూ, ఈ పావుగంటా, నవ్వు ఎప్పుడూ చేరని చోట నిలబడి దానికోసం ఎదురుచూశానని తెలిసి సిగ్గేసింది. ఎడమవైపుకి రావాలంటే స్టూలు తిప్పాలి, ఆ చెంప మీద వెలుగు పడాలి, గడ్డ నిండుగా కనిపిస్తుంది. నేను తటపటాయిస్తుంటే టీచర్ గారే లేచి స్టూలు తిప్పుకున్నారు.

“గడ్డ పడనివ్వండి. అది రేపో ఎల్లుండో పోయేదే. దాంతో పాటు ఏది పోతుందంటున్నారో అది పడాలి నాకు.”

ఆవిడ భయపడుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆ రెండు రోజులూ భయం నాదేననుకున్నాను.

కెమెరా కంటికి పెట్టుకున్నాను. మబ్బు దట్టమై షెడ్డు మసకబారింది. చెయ్యి కొంచెం కదిలినా ఫొటో అలుక్కుపోయే వెలుతురు అది. ఇంకొక లెక్క అడగమని బతిమాలాను.

“ఇందాక మీరు చెప్పిన ఎనిమిదో వంతు ఉంది చూశారూ, అది తప్పు జవాబు కాదు. దాని ప్రశ్న వేరే. ఎంత దూరంలో నిలబడితే ఎనిమిదో వంతు వస్తుంది?”

కెమెరా కంటికి ఉండగా నాకు ఏ లెక్కా తోచదు. మూడడుగులు అన్నాను. కనుబొమ్మ లేచింది. గాలి షెడ్డు రేకుల్ని టకటకలాడించింది. ఆరు అన్నాను, అది ఇంకా అన్యాయం. మేరీ రత్నం గారు నాలుగు వేళ్లు చూపించబోతే, కాపీ కొట్టించొద్దని టీచర్ గారు కసిరారు.

“నాలుగండీ. నాలుగడుగులు.”

ఎడమ పెదవి చివర లేచింది, ఆ వెనకే ఎడమ కంటి కింద ముడత పడింది. మూడు ఫొటోలు తీశాను. మొదటిది కదిలింది. మూడోదానికి నవ్వు దిగిపోతోంది. రెండోది నిలిచింది. పది నిమిషాల్లో వాన వచ్చింది.

ఆపరేషన్ మంగళవారం అయింది. గడ్డ ప్రమాదకరమైనది కాదని తేలింది. నరం తెగలేదు గానీ నలిగింది. వానాకాలం మొదలయ్యాక టీచర్ గారు స్టూడియోకి వచ్చారు. మూతి ఎడమవైపు నిశ్చలంగా ఉంది. ఎక్కడ చూడాలో తెలియక నేను కౌంటర్ మీద కాగితాలు సర్దుతున్నాను. ఆవిడ సూటిగా పనిలోకి వచ్చారు. పెద్ద ఫొటో హాల్లో ఉంది, తనకి చిన్నది ఒకటి కావాలి, అది కుడి ఎడమలు తిరగేసి ప్రింట్ వేయాలి అన్నారు.

ముఖాన్ని తిరగేసి ప్రింట్ వేయడం మా పనిలో పెద్ద తప్పు. పుట్టుమచ్చ ఇటుది అటు పోతుంది, పైట రెండో భుజం మీదికి వస్తుంది. నేనెప్పుడూ అలా చేయనని చెప్పాను.

“అద్దం పక్కన అంటించుకోవాలండీ. రోజూ అద్దంలో చూసుకుంటూ కండరాలకి ఎక్సర్‌సైజ్ చేయమన్నారు. ఎంతవరకు లేపాలో కొలత కావాలి కదా. అద్దంలో నా ఎడమ ఎడమవైపే ఉంటుంది, మీ ఫొటోలో కుడికి పోయింది.”

మాటలు కొంచెం ముద్దగా వచ్చాయి, లెక్క మాత్రం పొల్లు పోలేదు. అక్కడికక్కడే తిరగేసి వేసిచ్చాను. నా వృత్తి జీవితంలో కావాలని అలా వేసిన ప్రింట్ అదొక్కటే.

క్రిస్మస్‌కి ముందు మేరీ రత్నం గారు ఫోన్ చేసింది. “మీకొక మాట చెప్పమంది మా అక్క. నవ్వులో ఎనిమిదో వంతు వచ్చిందట.”

స్టూడియో మూసేదాకా మిగిలిన నాలుగేళ్లూ ‘మంచి వైపు’ కోసం వెతకలేదు. కూర్చున్న మనిషిని ముందు మాట్లాడించి, చుట్టూ ఒకసారి నడిచి, తర్వాత కెమెరా తీసేవాణ్ణి. ఫొటో దిగడానికి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే: మీ ముఖంలో ఏం దాచాలో ఫొటోగ్రాఫర్ తనే చూసుకుంటాడు, ఏది పోకూడదో మాత్రం మీరే చెప్పండి.